గుట్టు వీడితేనే ప్రాణం నిలుస్తుంది: సూదితో మత్తుమందు తీసుకునే మనిషికి తోడుగా ఉండటం ఎలా

మత్తుమందు మోతాదు మించి చనిపోయేవారిలో చాలామంది ఆ సమయానికి ఒంటరిగా ఉంటారు. లోపల గడియ పెట్టిన స్నానాల గదిలోనో, అందరూ నిద్రపోయాక తన గదిలోనో, ఎవరూ అడుగుపెట్టని పాడుబడ్డ భవనంలోనో. హెరాయిన్ వంటి ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మత్తుమందులు) శ్వాసను మెల్లమెల్లగా మందగింపజేస్తాయి. అందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఒక్కోసారి గంట దాటవచ్చు. హెరాయిన్ కంటే ఎంతో ఘాటైన ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ అయితే అంత గడువు ఇవ్వదు. ఆ కొద్ది వ్యవధిలో పక్కన మరో మనిషి ఉండి, ఏం చేయాలో తెలిసి ఉంటే ప్రాణం నిలబెట్టే వీలుంటుంది. అలా పక్కన ఎవరూ లేకపోవడానికి తరచుగా కనిపించే కారణం ఒకటే: నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనన్న భయం.

ఆ భయాన్ని కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో, తగ్గిన చోట ఏం చేయాలో వరుసగా చెప్పడానికే ఈ మార్గదర్శి. ఇది ముఖ్యంగా కుటుంబ సభ్యులకు, స్నేహితులకు, నర్సులకు, మందుల దుకాణంలో పనిచేసేవారికి. చదువుతున్నది సూది వాడుతున్న వ్యక్తే అయితే మూడో మెట్టు నుంచి నేరుగా మొదలుపెట్టవచ్చు. మొదటి రెండూ మీ చుట్టూ ఉన్నవారు దిద్దుకోవలసినవి.

మొదలుపెట్టే ముందు: "ఇది ప్రోత్సహించడం కాదా?"

వాడకం ఆగకపోయినా దానివల్ల కలిగే కీడును తగ్గించే ఈ పద్ధతిని హాని తగ్గింపు అంటారు. ఆ మాట వినగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. అడగదగిన ప్రశ్నే. సమాధానం కోసం స్కాట్లాండ్‌ దాకా వెళ్లిరావాలి. 1980ల మొదట్లో ఎడిన్‌బరో నగరంలో హెరాయిన్ వాడకాన్ని అణచివేయాలని సిరంజిల అమ్మకాన్ని కట్టడి చేశారు. పోలీసులు ఎవరి దగ్గర సిరంజి కనిపించినా లాక్కునేవారు. వాడకం ఆగలేదు. ఉన్న నాలుగు సిరంజిలే చేతులు మారాయి. అక్కడి ఒక క్లినిక్‌కు వచ్చే, సూది వాడేవారి రక్తనమూనాలపై 1986లో వెలువడిన అధ్యయనంలో సగం మందికి హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. అంత కట్టడి లేని పొరుగు నగరం గ్లాస్గోలో ఆ నిష్పత్తి ఎన్నో రెట్లు తక్కువ. రెండు చోట్లా అదే హెరాయిన్, అవే నరాలు. తేడా సిరంజి దొరకడంలోనే ఉంది.

అంతకు రెండేళ్ల ముందే, 1984లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో మరో దారి తెరుచుకుంది. సిరంజిలు అమ్మే దుకాణం ఒకటి అమ్మకం మానేసింది. హెపటైటిస్ బి విజృంభిస్తుందని భయపడి, మత్తుమందు వాడేవారే పెట్టుకున్న 'జంకీబాండ్' అనే సంఘం పాత సూది ఇస్తే కొత్త సూది ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. 'జంకీ' అంటూ తమను తిట్టే మాటనే ఆ సంఘం పేరుగా పెట్టుకుందన్నది గమనించండి. తర్వాత ఎన్నో దేశాల్లో ఆరోగ్యశాఖలు ఇదే పద్ధతిని చేపట్టాయి. కొత్త సూదులు పంచినందువల్ల వాడకం పెరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. పైగా అలాంటి కేంద్రాలకు వచ్చేవారే చికిత్సకూ ఎక్కువగా వెళ్తున్నారు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. వారిని పేరు పెట్టి పలకరించే చోటు బహుశా అదొక్కటే.

మానడం మంచిదే. అయితే మానాలన్నా ముందు బతికుండాలి కదా.

మొదటి మెట్టు: మీ నోటి మాట సరిచూసుకోండి

కళంకం అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే 'స్టిగ్మా' గ్రీకు నుంచి వచ్చింది. మొనదేలిన పనిముట్టుతో ఒంటిమీద గుచ్చి వేసిన గుర్తు అని దాని అసలు అర్థం. సూది గుచ్చుకునే మనిషికి లోకం తన వంతుగా గుచ్చే సూది అన్నమాట. ఒంటి మీది గాటు కొన్నాళ్లకు మానుతుంది. రెండోది మానదు.

మన భాషలో ఈ గుర్తు ఎలా వేస్తామో చూడండి. "మత్తుకు బానిసైన యువకుడు" అని వార్తల్లో రాస్తాం. "చెడిపోయాడు" అని ఇంట్లో అంటాం. మానేస్తే "బాగుపడ్డాడు" అంటాం. అంటే మానేంతవరకు ఆ మనిషి పాడైపోయిన సరుకు, ఒకసారి మళ్లీ వాడితే మళ్లీ పాడైనట్టు. ఈ మాటలు ఎవరినీ నొప్పించాలని అనేవి కావు, అలవాటుగా వచ్చేవి. వాటి ప్రభావం మాత్రం అలవాటుగా పోదు. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు 500 మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకు ఒకే రోగి కథను రెండు రకాలుగా రాసి ఇచ్చారు. సగం మందికి ఇచ్చిన కాగితంలో ఆ మనిషిని మత్తుమందు దుర్వినియోగం చేసేవాడని రాశారు. మిగతా సగానికి మత్తుమందు వాడకపు రుగ్మత ఉన్న వ్యక్తి అని రాశారు. కథలో మరే తేడా లేదు. మొదటి మాట చదివిన నిపుణులు అతనిదే తప్పని, శిక్షాత్మక చర్య తగినదేనని ఎక్కువగా అభిప్రాయపడ్డారు. శిక్షణ పొందిన నిపుణుల సంగతే ఇలా ఉంటే మన సంగతి చెప్పాలా?

కాబట్టి "బానిస" బదులు "మత్తుమందు వాడుతున్న వ్యక్తి" అనండి. "మళ్లీ చెడిపోయాడు" బదులు "మళ్లీ వాడాడు" అనండి. రక్తపరీక్షలో ఏమీ తేలకపోతే "శుభ్రంగా ఉన్నాడు" అనకండి. తేలిన రోజున మురికిగా ఉన్నట్టా? మాటలు కాస్త పొడవవుతాయి, మొదట్లో కృతకంగానూ ఉంటాయి. వారం రోజుల్లో నాలుకకు అలవాటవుతాయి. ఒక మినహాయింపు: తన గురించి తాను ఏ మాట వాడుకోవాలన్నది ఆ వ్యక్తి ఇష్టం. దాన్ని దిద్దే పని మీరు పెట్టుకోకండి.

రెండో మెట్టు: మొదటి సంభాషణ

వాడిన వెంటనే, మత్తులో ఉన్నప్పుడు ఈ సంభాషణ వద్దు. మందు అందక ఒళ్లు నొప్పులతో, వాంతులతో, చెమటలతో అల్లాడుతున్నప్పుడు అసలే వద్దు. చుట్టాలు నలుగురిని కూర్చోబెట్టి పంచాయతీ చేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మనిషిని మూలకు నెడితే నోటికొచ్చిన అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధానికి మీరు మళ్లీ కోప్పడతారు. అక్కడితో తలుపు మూసుకుంటుంది.

ఒకరితో ఒకరు మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తూ మాట్లాడటం తేలిక. కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు. మొదటి వాక్యం చిన్నదిగా, నిజంగా ఉండాలి. "నాకు తెలుసు. నీ మీద కోపం లేదని చెప్పలేను, కానీ కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. నువ్వు చనిపోకూడదు." ఇంత చాలు. తర్వాత మౌనంగా ఉండటం నేర్చుకోవాలి, అదే కష్టం.

ఆ తర్వాత అడగదగిన ప్రశ్నలు: ఒక్కడివే ఉన్నప్పుడు వాడుతున్నావా? సూదులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చేతి మీద ఎక్కడైనా వాపు, నొప్పి ఉందా? ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఇవి నేరవిచారణలో అడిగే ప్రశ్నల్లా కాకుండా జ్వరం వచ్చినవారిని అడిగినట్టు రావాలి. "ఎందుకు మొదలుపెట్టావు" అన్నది మాత్రం ఈ రోజుకు వదిలేయండి. దానికి జవాబు ఆ వ్యక్తికే సరిగా తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పేంత నమ్మకం ఇంకా కుదరకపోవచ్చు.

ఒట్టు వేయించుకోవద్దు. ఇక ముట్టనని ఇచ్చిన మాట వారంలో తప్పితే, ఆ వ్యక్తి వాడకాన్నే కాక మాట తప్పడాన్ని కూడా దాచాల్సి వస్తుంది. గుట్టు రెండింతలవుతుంది. ఒక మాట అడగాలనుకుంటే ఇది అడగండి: "వాడే ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టు. నేను తిట్టను." పెట్టిన రోజున నిజంగానే తిట్టకండి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. తిట్టకుండా ఉండటం అంటే దేనికైనా తల ఊపడం కాదు. ఇంట్లో డబ్బు పోతుంటే తాళం వేసుకోండి. చిన్నపిల్లల ముందు వాడవద్దని గట్టిగా చెప్పండి. హద్దు గీయడం వేరు, మనిషిని వెలి వేయడం వేరు.

మూడో మెట్టు: ప్రతిసారీ కొత్త సూది, సూది ఒక్కటే కాదు

ప్రపంచంలో సూదితో మత్తుమందు తీసుకునేవారు సుమారు కోటీ 40 లక్షల మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. వారిలో దాదాపు సగం మందికి హెపటైటిస్ సి, ఎనిమిది మందిలో ఒకరికి హెచ్‌ఐవి ఉన్నట్టు లెక్క. రెండింటికీ దారి ఒకటే, ఒకరి రక్తం మరొకరి రక్తంలో కలవడం.

ఒకరి సూది మరొకరు వాడకూడదన్నది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, మందు కలిపే చెంచా, వడపోతకు వాడే దూది, కలిపే నీళ్లు, చేతికి బిగించే పట్టీ, ఇవన్నీ కూడా వైరస్‌ను మోయగలవు. హెపటైటిస్ సి వైరస్ సిరంజిలో మిగిలిన రక్తంలో వారాల తరబడి బతికి ఉండగలదని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అందుకే "నా సూది నాదే, నీళ్ల గిన్నె మాత్రం ఇద్దరిదీ" అన్న లెక్క పనికిరాదు. ఎవరి సామగ్రి వారిదే, ప్రతిసారీ కొత్తదే. భార్యాభర్తలైనా, ప్రాణస్నేహితులైనా సరే. ఎక్కువ పంచుకునేది దగ్గరివారితోనే. "నీది నాకొద్దు" అంటే నమ్మకం లేదన్నట్టు ఉంటుందని మొహమాటపడతారు. ఆ మొహమాటం గురించి ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి.

సిరంజి రకం కూడా కొంత లెక్కలోకి వస్తుంది. సూది విడిగా ఊడివచ్చే మామూలు సిరంజిలో పిస్టన్ చివరి దాకా నొక్కినా మెడ దగ్గర కాస్త రక్తం మిగిలిపోతుంది. సూది, గొట్టం ఒకటిగా అతుక్కుని ఉన్న ఇన్సులిన్ రకం సిరంజిలో మిగిలేది చాలా తక్కువ. అంతమాత్రాన అది పంచుకోదగినదైపోదు. పొరపాటు జరిగితే ప్రమాదం కాస్త తగ్గుతుంది, అంతే. బ్లీచింగ్ ద్రావణంతో కడగడం కొత్త సూది ఏ విధంగానూ దొరకనప్పటి చివరి ప్రయత్నం. దాన్ని నమ్ముకోవద్దు, హెపటైటిస్ సి విషయంలో మరీనూ.

ఒకే సూదిని తానే మళ్లీ మళ్లీ వాడటం వల్ల కూడా కీడు ఉంది. ఒక్కసారి వాడితేనే మొన వంగుతుంది. మొద్దుబారిన మొన నరాన్ని చీలుస్తుంది, చర్మం మీది సూక్ష్మక్రిములను లోపలికి తోస్తుంది. సూది గుచ్చే ముందు చేతులు, చర్మం సబ్బుతో కడుక్కోవడం, ఎప్పుడూ ఒకే చోట గుచ్చకుండా ఉండటం చిన్న పనులే, చాలా చీముగడ్డలను తప్పిస్తాయి. మెడలో, గజ్జల్లో గుచ్చడం ప్రాణాంతకం కావచ్చు. అక్కడ నరాల పక్కనే పెద్ద ధమనులు ఉంటాయి.

మందుల దుకాణంలో పనిచేసేవారికి ఒక మాట. సిరంజి అడిగిన మనిషిని ఎగాదిగా చూసి "ఎందుకు?" అని గట్టిగా అడిగితే, ఆ మనిషి వాడకం మానడు, మీ దుకాణానికి రావడం మానేస్తాడు. సిరంజిల అమ్మకం, దగ్గర ఉంచుకోవడం మీద చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కనుక మీ ప్రాంతపు నియమం తెలుసుకోండి. నియమం అనుమతించే చోట చూపు కూడా అనుమతించాలి.

నాలుగో మెట్టు: ఒంటరితనం, విరామం, కలగలుపు

మోతాదు మించి చనిపోవడానికి దారితీసేవాటిలో ఈ మూడూ పదేపదే కనిపిస్తాయి. మొదటిదాని గురించి చెప్పుకున్నాం. పక్కన ఎవరూ ఉండలేకపోతే ఫోనులోనైనా ఒకరు లైనులో ఉండి, జవాబు ఆగిపోయిన వెంటనే అంబులెన్సు పంపించాలి. తలుపుకు లోపల గడియ వేయకూడదు. స్నానాల గదిలో చాలాసేపు ఉంటే తలుపు తట్టే హక్కు ఇంట్లోవారికి ఉంటుందని ముందే ఒప్పందం చేసుకోండి.

రెండోది విరామం. కొన్ని వారాలు మానితే శరీరం ఓర్చుకునే శక్తి తగ్గిపోతుంది. చికిత్స కేంద్రం నుంచో, ఆసుపత్రి నుంచో, జైలు నుంచో బయటికి వచ్చినవారు పాత మోతాదే తీసుకుంటే అదే విషమవుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవారిపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో వారు మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదం సాధారణ జనాభాతో పోలిస్తే 129 రెట్లు. ఇంట్లోవారు "హమ్మయ్య, మానేశాడు" అని ఊపిరి పీల్చుకునే రోజులివి. నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు కూడా ఇవే. కొత్త వ్యక్తి దగ్గర కొన్న సరుకు విషయంలోనూ ఇంతే. అందులో ఏముందో, ఎంత ఘాటో తెలియదు. అలాంటప్పుడు మామూలు మోతాదులో చాలా కొద్దిభాగంతో ఆగి చూడటం ప్రాణం కాపాడవచ్చు. ఫెంటనిల్ ఉందో లేదో చూపే పరీక్ష పట్టీలు దొరికే చోట వాడుకోవాలి. పట్టీలో ఏమీ తేలకపోయినంత మాత్రాన సరుకు సురక్షితమని అర్థం కాదు.

మూడోది కలగలుపు. ఓపియాయిడ్‌తో పాటు మద్యం, నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే డయాజిపామ్, అల్ప్రజోలం వంటి మాత్రలు కలిస్తే శ్వాస మీద దెబ్బ ఒకదానికొకటి తోడై పడుతుంది.

ఐదో మెట్టు: స్పృహ తప్పిన మనిషి ముందు మీరు

ఈ భాగాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, ఇంట్లో మరొకరికి చెప్పండి. చెప్పేటప్పుడే మీకు ఎంత గుర్తుందో తెలుస్తుంది.

నిద్రకూ, మోతాదు మించడానికీ తేడా: నిద్రపోయే మనిషి పిలిస్తే కదులుతాడు. మోతాదు మించితే పిలిచినా, కుదిపినా లేవడు. శ్వాస చాలా నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. గొంతులో నీళ్లు గుటగుటలాడుతున్నట్టు గురక వస్తుంది. ఆ గురకను గాఢనిద్ర అనుకుని వదిలేసిన ఇళ్లు ఎన్నో. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. పెదవులు, గోళ్లు నీలంగానో బూడిదరంగులోనో మారతాయి. చర్మం ముదురు రంగులో ఉంటే పెదవి లోపలి భాగం చూడండి.

1. పేరు పెట్టి గట్టిగా పిలవండి. పిడికిలి కణుపులతో ఛాతీ మధ్య ఎముకను గట్టిగా రుద్దండి. కదలిక లేదా, వెంటనే రెండో పనికి వెళ్లండి.

2. అంబులెన్సుకు ఫోన్ చేయండి. "మనిషి స్పృహలో లేడు, శ్వాస ఆడటం లేదు" అని చెప్పి, చిరునామా స్పష్టంగా చెప్పండి. మత్తుమందు పేరు ఎత్తితే పోలీసులు వస్తారని భయమైతే ఈ రెండు ముక్కలైనా చాలు, ఫోన్ చేయకుండా మాత్రం ఉండవద్దు. వైద్య సిబ్బంది వచ్చాక ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

3. ఓపియాయిడ్లకు విరుగుడు మందైన నాలోక్సోన్ ఇవ్వండి. ముక్కులో కొట్టే స్ప్రే అయితే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఒక ముక్కురంధ్రంలో పూర్తిగా నొక్కాలి. ఇంజెక్షన్ అయితే తొడ లేదా భుజం కండలోకి, బట్టల మీదుగానైనా సరే.

4. నోట్లో ఏమైనా అడ్డుంటే తీసి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఐదు సెకన్లకు ఒకసారి నోటితో ఊపిరి ఇవ్వండి. ఛాతీ లేస్తోందా చూడండి. గుండె కొట్టుకోవడం లేదని అనిపిస్తే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఫోనులో ఉన్నవారు ఎలాగో చెబుతారు.

5. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే మరో మోతాదు నాలోక్సోన్.

6. శ్వాస తిరిగొచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పైకాలు మడిచి, చెయ్యి తల కింద పెట్టండి. వాంతి అయినా గొంతుకు అడ్డుపడదు. వదిలి వెళ్లకండి.

నాలోక్సోన్ ఓపియాయిడ్‌ను మెదడులో అది అతుక్కునే గ్రాహకాల నుంచి తోసేసి ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. అమెరికాలో 1971లోనే దీనికి అనుమతి వచ్చింది. అలవాటు కలిగించదు. ఒంట్లో ఓపియాయిడ్ లేకపోతే ఏ ప్రభావమూ చూపదు కనుక అనుమానం ఉన్నా ఇవ్వవచ్చు. దాని పని 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది. లోపలి మందు అంతకంటే ఎక్కువసేపు ఉండవచ్చు. లేచి కూర్చుని "నాకేం కాలేదు, వెళ్తాను" అన్న మనిషి గంట తర్వాత మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి, రాకపోతే పక్కనే కూర్చోండి.

లేచిన మనిషి కృతజ్ఞత చెప్పకపోవచ్చు. హఠాత్తుగా మందు దిగిపోవడంతో వణుకు, వాంతి, చిరాకు ఉంటాయి. కోపంగా మీదికి రావచ్చు. "చూశావా ఏం చేశావో" అనే వాక్యం మీ నాలుక చివర ఉంటుంది. దాన్ని మింగేయండి. "నీకు శ్వాస ఆగిపోయింది. నాలోక్సోన్ ఇచ్చాను. కాసేపట్లో తగ్గుతుంది, అంతదాకా మళ్లీ ఏమీ తీసుకోకు" అని చెప్పండి.

చన్నీళ్లు కుమ్మరించడం, చెంపలు వాయించడం, ఉప్పునీళ్లో పాలో ఎక్కించడం, బలవంతంగా నడిపించడం, వాంతి చేయించడం, ఇవేవీ పనిచేయవు. కొన్ని చంపుతాయి. ఫెంటనిల్ ఉన్న మనిషిని ముట్టుకుంటేనే మనకూ మత్తెక్కి పడిపోతామన్నది అపోహ. అలా చర్మం ద్వారా క్షణాల్లో ఎక్కదని విషవైద్య నిపుణులు స్పష్టంగా చెప్పారు. ఈ అపోహ వల్ల ఊపిరి ఇవ్వాల్సినవారు దూరంగా నిలబడిపోతున్నారు.

కొకైన్, మెథాంఫెటమైన్ వంటి ఉత్తేజకాల సంగతి వేరు. ఒళ్లు కాలిపోవడం, ఛాతీనొప్పి, మూర్ఛ, తీవ్రమైన గందరగోళం కనిపిస్తాయి. వాటికి నాలోక్సోన్ విరుగుడు కాదు. అంబులెన్సు పిలిచి, చల్లని చోట ఉంచండి.

ఆరో మెట్టు: ఆసుపత్రి గుమ్మం దాటించడం

చేతి మీద ఎర్రగా, వేడిగా ఉన్న వాపు మొదటి రోజు మాత్రలతో తగ్గేది. పదో రోజుకు శస్త్రచికిత్స కావాలి. మధ్యలో ఆ తొమ్మిది రోజులు ఎక్కడికి పోయాయి? "నర్సు చూపు తలుచుకుంటే కాళ్లు రావు" అన్న చోటికి పోయాయి. పొడుగు చేతుల చొక్కా కింద చాలా గాయాలు ముదురుతాయి.

వీటిని చూస్తే అదే రోజు తీసుకెళ్లండి: వాపు వ్యాపించడం, ఎర్రటి గీత పైకి పాకడం, చలిజ్వరం, వేళ్లు చల్లబడి రంగు మారడం, ఆయాసం. సూది వాడేవారిలో కారణం తెలియని జ్వరం గుండె కవాటాలకు సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దాన్ని మామూలు జ్వరంగా చూసి పంపేయకుండా డాక్టరుకు సూది సంగతి చెప్పాలి. చీముగడ్డను ఇంట్లో పిండకూడదు, కోయకూడదు.

మీరు వెంట వెళ్లడమే పెద్ద సాయం. వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏం వాడుతున్నాడు, చివరిసారి ఎప్పుడు, ఏ మందులు పడవు, లక్షణాలు ఎప్పటి నుంచి. మందు అందకపోతే వచ్చే బాధకు కూడా ఆసుపత్రిలో చికిత్స అడగండి. అది లేకనే చాలామంది చికిత్స మధ్యలో లేచి వెళ్లిపోతారు. వెళ్లిపోతే మొండివారని రాసుకుంటారు. ఎవరైనా అవమానకరంగా మాట్లాడితే అక్కడే గొడవ పడకుండా, "ఈ మాట వల్ల ఇతను మళ్లీ రాకపోవచ్చు, దయచేసి గాయం చూడండి" అని నెమ్మదిగా చెప్పండి. ఫిర్యాదు తర్వాతైనా ఇవ్వవచ్చు.

నర్సులకు: సూదితో మత్తుమందు వాడినవారి నరాలు దొరకడం కష్టం. ఏ నరం బాగుందో వారినే అడగండి. వారి శరీరం వారికి తెలిసినంత మీకు తెలియదు. ఆ ఒక్క ప్రశ్నతో మీ ఇద్దరి మధ్య గాలి మారుతుంది.

అక్కడికి వెళ్లినప్పుడే హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి పరీక్షలు చేయించండి. హెపటైటిస్ బికి టీకా ఉంది. హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే వ్యాధి. 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే 95 శాతానికి పైగా నయమవుతుంది. ఇంకా మత్తుమందు వాడుతున్నారన్న కారణంతో ఆ మాత్రలు నిరాకరించడానికి వైద్యపరమైన ఆధారం లేదు.

ఏడో మెట్టు: మందుతో చికిత్స, "ఒకటి మాని మరొకటి పట్టుకోవడం" కాదు

ఓపియాయిడ్లు వాడేవారికి మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే మందులున్నాయి. రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. నోటితో, కొలిచిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. తహతహ, ఒళ్లు నొప్పులు తగ్గుతాయి కానీ మత్తులో తేలడం ఉండదు. ఈ చికిత్సలో ఉన్నంతకాలం మరణాల ప్రమాదం దాదాపు సగానికి పడిపోతుందని ఎన్నో దేశాల అధ్యయనాలు చూపాయి.

"ఎన్నాళ్లు వేసుకోవాలి, ఎప్పుడు ఆపుతాడు?" అని ఇంట్లోవారు మొదటి నెలలోనే అడుగుతారు. చక్కెరవ్యాధికి ఇన్సులిన్ ఎప్పుడు ఆపుతారని అంత తొందరగా అడగం. కొందరికి ఏళ్లు పడుతుంది. తొందరపెట్టి ఆపించినప్పుడే ప్రమాదం మళ్లీ పెరుగుతుంది. బంధించి, కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పంపవద్దు. అక్కడి నుంచి బయటికి వచ్చాక ఓర్చుకునే శక్తి పోయి ఉంటుంది, నమ్మకం కూడా పోయి ఉంటుంది.

మళ్లీ వాడితే? చాలామంది మళ్లీ వాడతారు. దాచకుండా మీకు చెప్పారంటే మీరు ఇన్నాళ్లు చేసింది పనిచేస్తోందని అర్థం. మూడో మెట్టు నుంచి మళ్లీ చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: వాడేసిన సూది

మూత బిగుతుగా ఉండే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. మూతలు తిరిగి తొడగడం, వంచడం, విరచడం వద్దు, గుచ్చుకునేది అప్పుడే. డబ్బా ముప్పావు నిండాక మూసి, సూదులు తీసుకునే కేంద్రానికో ఆసుపత్రికో ఇవ్వాలి. దారిలో సూది కనిపిస్తే చేత్తో ముట్టకుండా పట్టకారుతో తీసి డబ్బాలో వేయండి.

గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడగండి, పిండకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెచ్‌ఐవి రాకుండా వాడే మందులు 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి. కంగారు అవసరం లేదు. ఆసుపత్రుల్లో హెచ్‌ఐవి ఉన్నవారి రక్తపు సూది గుచ్చుకున్న సిబ్బందిలో మందులు వాడకపోయినా వెయ్యిమందిలో ముగ్గురికే సోకింది.

చివరగా ఇంట్లో నాలోక్సోన్ ఎక్కడ పెట్టాలన్న సంగతి. చుట్టాలు వస్తే కనబడకూడదని బీరువాలో చీరల కింద పెట్టేవారున్నారు. అలా వద్దు. అందరికీ అందే అరలో పెట్టండి. ఎక్కడుందో ఇంట్లో పెద్దపిల్లలతో సహా అందరికీ చెప్పండి. డబ్బా మీద గడువు తేదీ చూసి, అది ముగిసేలోపు కొత్తది తెచ్చుకునేలా ఫోనులో గుర్తు పెట్టుకోండి. ఇదేమిటని ఎవరైనా అడిగితే, ఊపిరి ఆగినప్పుడు ఇచ్చే మందని చెప్పండి.